సముద్రం దాటిన పేరు

నా మొగుడి పేరు ఈ కాగితం మీద ఉండదు. నేను చెప్పను. బతుకంతా కలిపి ఒకే చోట చెప్పాను, సిద్దిపేట కోర్టులో, జడ్జమ్మ ముందు. ఎందుకు చెప్పాల్సి వచ్చిందో అది చెబుతాను, రాసుకోండి.

మాది తాళ్లెక్కి కల్లు గీసే ఇల్లు. ఎవరికి ఏ చెట్లు అనే పంపకం మీద ఆయనకూ మా యారాలి కొడుక్కూ మాట పెరిగింది. యారాలంటే వరుసకు ఆయన అన్న భార్య. నేను అక్కా అంటాను. ఆమె కొడుకు నన్ను చిన్నమ్మా అంటూ నా చేతి బువ్వ తిన్నవాడే. ఆ పొద్దున నేను సద్దిగిన్నె పట్టుకుని తాటివనం చేరేసరికి ఆయన కింద పడి ఉన్నాడు. పక్కన కల్లుగీసే కత్తి. అక్కడే నిలబడ్డ అక్క కొడుకు నా ముఖం చూసి ఉరికాడు. నేను చూసింది ఇంతే. ఇంతే చాలదా?

దవాఖానలో పోలీసాయన రాసుకుంటూ నీ భర్త పేరేంటమ్మా అన్నాడు. మాలో ఆడది మొగుడి పేరు నోటితో అనదు, అంటే ఆయుష్షు తగ్గుతుందంటారు. రేషన్ దుకాణమైనా, బ్యాంకైనా, నేను తల పక్కకు తిప్పితే చాలు, పక్కనున్నవాళ్లు అందుకుని చెప్పేవారు. ఆ రోజు అందుకున్నది అక్క. ఆయన ఆమెకు మరిది, పేరు పెట్టి పిలిచే వరుస. కొట్టింది తన కొడుకేనని ఆమెకు అప్పటికే తెలుసు. తెలిసే నా తల ఒళ్లో పెట్టుకుంది, తెలిసే పేరు చెప్పింది. తాను ఎప్పుడూ పిలిచే పేరు.

కార్డుల్లో పేరు వేరు. ఆయనకు వాళ్ల తాత పేరు పెట్టారు. మరి మా అత్త తన మామ పేరు ఎట్లా అంటుంది? కొడుకును కేకేస్తే మామను కేకేసినట్టే. అందుకని ఇంకో పేరుతో పిలుచుకుంది, ఊరంతా అదే పట్టుకుంది. ఆధార్‌లోనూ, చనిపోయాక ఇచ్చిన సర్టిఫికెట్టులోనూ తాత పేరే మిగిలింది. రెండూ ఒక మనిషివేనని ఊళ్లో ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

వాడు బొంబాయి పోయాడు, అక్కడి నుంచి దుబాయి పోయాడన్నారు. మా దగ్గర సముద్రం దాటితే అంతా దుబాయే. నిజానికి దుబాయి కూడా దాటి ఇంకో దేశం చేరాడట. ఈలోగా మా ఊరు ప్రాజెక్టు నీళ్ల కిందికి పోయింది, మమ్మల్ని గజ్వేల్ దగ్గర కాలనీలో పెట్టారు. ఊళ్లో మా ఇంటికీ అక్క ఇంటికీ మధ్య వాడకట్టంతా ఉండేది. కాలనీలో గోడకు గోడ. ఆమె పోపు వేస్తే నాకు తుమ్ము. మాటలు లేవు, తుమ్ములే.

కొన్నేళ్లకు ఎస్సై వచ్చాడు. వాడు ఆ దేశంలో దొరికాడు, జైల్లో ఉన్నాడు, మా మనిషిని మాకు అప్పగించండని హైదరాబాదు, ఢిల్లీ మీదుగా కాగితాలు పోయాయి అన్నాడు. నేను దండం పెట్టేలోపే ఆగమన్నాడు. అక్కడి కోర్టు రెండు మాటలు అడిగిందట. ఒకటి, మా దగ్గర ఉరి లేదు, మీ దగ్గర ఉంది, ఉరి వేయబోమని మాట ఇస్తారా అని. దానికి ఢిల్లీవాళ్లు రాసిచ్చారు. రెండోది నా మెడకు చుట్టుకుంది. పోలీసు కాగితంలో చనిపోయినవాడి పేరు ఒకటి, సర్టిఫికెట్టులో ఇంకొకటి, అసలు చచ్చింది ఎవరని. వాడి వకీలు దాన్నే గట్టిగా పట్టుకున్నాడట. చూసిన సాక్షివి, భార్యవి, నువ్వే జడ్జి ముందు ప్రమాణం చేసి, రెండు పేర్లూ నీ నోటితో చెప్పి, ఒకే మనిషి అనాలి. లేకపోతే వాడిని వదిలేస్తారు. ఎస్సై చెప్పింది ఇది.

నేను చెప్తాను సార్, మా అవ్వ అనదు అని నా బిడ్డ ముందుకొచ్చింది. ఆమే అనాలన్నాడు. రాసిద్దామంటే నాకు నా సంతకం తప్ప అక్షరం రాదు.

ఆయన వెళ్లాక బిడ్డ నా మీద పడింది. "బాపు పోనే పోయిండు. ఇంకేం ఆయుష్షు తగ్గుతదే?"

పేరు అననంత కాలం ఆయన ఆయుష్షు కొంచెం నా దగ్గర కొంగున కట్టి ఉన్నట్టుండేది. అది బిడ్డకు ఏమని చెప్పను?

సాయంత్రం అక్క వచ్చింది. కాలనీకి వచ్చాక నా గడప తొక్కడం అదే మొదలు. చెప్పొద్దని కాళ్లు పట్టుకుంటుందనుకుని గుండె రాయి చేసుకున్నాను. ఆమె నిలబడే అడిగింది.

"ఉరి వెయ్యరంట, నిజమేనా?"

"రాసిచ్చిన్రంట."

"అయితే చెప్పు చెల్లె."

"నీ కొడుకు జైలుకు పోతడక్కా."

"ఇప్పుడేమన్న సుట్టాలింట్ల ఉన్నడా?" అంది. "గా జైలు ఏడుందో నాకెర్క లేదు. గీడి జైలుకైతే బస్సుంటది, గిన్నె పట్టుకొని పోత. వాళ్ల బాపు సస్తే కొరివి పెట్టనీకి రాలే. నాకన్న రావాలె గద."

నేను చాయ్ పెట్టాను. పోపులో మిరపకాయలు ఎక్కువేస్తావన్నాను. నీ ముక్కే పట్నం ముక్కు అంది.

ప్రజ్ఞాపూర్‌లో బస్సెక్కి సిద్దిపేట పోయాం. అక్క వరండాలో కూర్చుంది. జడ్జమ్మది చిన్న వయసు. ప్రమాణం చేయించి, భర్త పేరు చెప్పమంది. నా తల దానంతటదే పక్కకు తిరిగింది. పక్కన మనుషుల్లేరు, గోడ ఉంది. ఇక్కడ మీ బదులు ఎవరూ చెప్పకూడదమ్మా, నీళ్లు తాగి చెప్పండి అంది. కసురుకోలేదు.

ఆయన చెట్టు మీద ఉన్నప్పుడు సద్ది తెచ్చానని కింద నుంచి "ఓ" అనేదాన్ని. పైనుంచి ఆయనా "ఓ" అనేవాడు. మా కాపురమంతా ఆ పిలుపే. కోర్టులో నోరు తెరిస్తే ముందు అదే వచ్చింది. టైపు కొట్టేవాడు తలెత్తి చూశాడు. అప్పుడు చెప్పాను. ఇంటి పిలుపు చెప్పాను, తాత పేరు చెప్పాను, ఇద్దరూ ఒకడే, నా మొగుడే, చచ్చింది ఆయనే అన్నాను. సరిగా వినపడలేదన్నారు. మళ్లీ గట్టిగా అన్నాను. వరండాలో అక్కకు కూడా వినిపించిందట. బయటికొస్తే ఆమె తన కొంగుతో నా ముఖం తుడిచింది. నేను ఏడ్చిన సంగతి నాకు తెలియదు.

కాగితం పోయింది. ఆ తర్వాత చాలా నెలలు చప్పుడు లేదు. ఒకరోజు ఎస్సై ఫోన్ చేసి వాడిని విమానంలో తెస్తున్నామన్నాడు. అన్నాళ్లూ రానని కొట్లాడినవాడు, నేను చెప్పింది అక్కడి కోర్టులో తెలుగు మనిషితో చదివించి వినిపిస్తే, లేచి నిలబడి నేను పోతానన్నాడట. వకీలు వద్దన్నా వినలేదట.

ఎందుకట్లా అన్నాడో జైలు దగ్గర అక్క అడిగింది. వాడు చెప్పిన మాట తెచ్చి నాకు చెప్పింది. "మా సిన్నమ్మ ఆ పేరు తియ్యదు. తీసిందంటే ఇంక నేనేం కొట్లాడుత అన్నడు."

అంతమంది పరాయివాళ్ల నడుమ, ఆ పేరు నా నోట వచ్చిందంటే ఏమిటో తెలిసినవాడు వాడొక్కడే. వాడిని తిట్టాలో, ఏమనాలో నాకు ఇప్పటికీ తోచదు.

కేసు నడుస్తోంది. వాడు చేసింది చేసిందే, నేను చూసింది చూసినట్టే చెబుతాను. ఆ పేరు మళ్లీ అడుగుతారు, మళ్లీ చెబుతాను. అక్క వారం వారం బస్సెక్కుతుంది. మొన్న మోకాళ్లు నొప్పి అంటే గిన్నె నేను పట్టుకుని బస్సు దాకా పోయాను. మూత వెచ్చగా ఉంది. ఏం వండావు అన్నాను.

"వేడి బువ్వ, పచ్చిపులుసు. పోపేస్తే నీకు తుమ్ము రాలేదా?"

వచ్చిందన్నాను.