బొట్టు పెట్టిన వీడియో కార్డు

2019 ఆషాఢంలో నేను జమ్మలమడుగు కంప్యూటర్ సర్వీస్ సెంటర్లో సీనియర్ ఇంజనీరుని. ప్రొద్దుటూరు నుంచి రంగయ్య శెట్టి అనే నగల వ్యాపారి పిలిపించాడు. ఆయన దుకాణంలో షంషాద్ అనే అమ్మాయి కంప్యూటర్లో నగల నమూనాలు గీసేది. గీసిన వడ్డాణాన్ని తెర మీద తిప్పి చూపించబోతే అది నత్తనడక నడిచి, మధ్యలో బిగుసుకుపోయేది. కొనేవాళ్లు విసుక్కుని లేచిపోతున్నారు. శ్రావణంలోగా బాగుపడకపోతే షంషాద్ ఉద్యోగమే తీసేసి, పాత ఆల్బములు చూపించుకుంటానని శెట్టి తేల్చేశాడు.

మా వృత్తిలో ఇది రోజూ వచ్చే పేచీయే. ప్రాసెసర్లోనే కలిసివుండే గ్రాఫిక్స్ భాగం, కంప్యూటర్ మెమరీనే వాడుకుని బొమ్మను తెరకు పంపుతుంది. విడిగా వీడియో కార్డు పెడితే దానికి సొంత మెమరీ ఉంటుంది, బిల్లు కూడా సొంతంగానే ఉంటుంది.

“లోపల ఉండేది చాలదా అప్పా? మళ్లా ఇంకోటి ఎందుకు?” అన్నాడు శెట్టి.

కార్డు లేనిదే కుదరదని నేను పట్టుబట్టాను. కొనేముందు పరీక్షకని ఆఫీసు కార్డు ఒకటి తెచ్చి బిగించాను. పాత గ్రాఫిక్స్‌ను ఆపకుండా, రెండూ పనిచేసేలా సెట్టింగు ఉంచాను. ఎలాగూ పెట్టె తెరిచాను కదా అని, ఒంటరిగా ఉన్న మెమరీ ముక్క పక్కన జోడీగా ఇంకొకటి గుచ్చాను.

కొత్త సామానుకు పూజ చేయనిదే శెట్టి ఎవరినీ ముట్టనివ్వడు. మూత బిగించగానే గంధం, కుంకుమ తెచ్చి, పెట్టె వెనక కార్డు సాకెట్టు మీద నిండుగా బొట్టు పెట్టాడు. నేను టీ తాగి వచ్చేలోగా షంషాద్ తెర వైరు తగిలించింది.

అప్పుడే పులివెందుల పెళ్లివారు దిగారు. వడ్డాణం ఒయ్యారంగా తిరిగింది! ముందుకు, వెనక్కు, దగ్గరికి, దూరానికి. ఎక్కడా ఆగలేదు. పెళ్లికూతురి అవ్వ కుర్చీ ముందుకు లాక్కుంది.

“ఇంగోసారి తిప్పు పాపా, శానా బాగుండాది!”

తిప్పినప్పుడల్లా ఆమె చప్పట్లు కొట్టింది. ఆర్డరు అక్కడికక్కడే ఖాయమైంది. “కార్డంటే ఇదప్పా!” అని శెట్టి నా భుజం తట్టాడు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను.

ఆ ఊపులోనే, కార్డు ఎంత కష్టపడుతోందో చూపిద్దామని టాస్క్ మేనేజర్ తెరిచాను. కార్డు చేస్తున్న పని సున్నా. వంగి వెనక చూస్తే వైరు కార్డుకు లేదు, పైనున్న పాత గ్రాఫిక్స్ సాకెట్టులో ఉంది.

“బొట్టు పెట్టినారు గదా సార్, చెరిపేకి మనసు రాలేదు. పైన ఖాళీగా ఉంటే దాంట్లో పెట్టినా,” అంది షంషాద్ బెదురుతూ.

అంటే ఇంతసేపూ వడ్డాణాన్ని తిప్పింది, జోడీ మెమరీ దొరికిన పాత గ్రాఫిక్సే! నాకు నవ్వు ఆగలేదు. సంగతి చెప్పగానే శెట్టి కడుపు పట్టుకుని నవ్వుతూ కూర్చుండిపోయాడు.

“ఏ పనీ చేయకుండానే పూజ చేయించుకునిందా ఇది?”

పెళ్లివారు ఎందుకో తెలియకుండానే నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది షంషాద్, కళ్లు తుడుచుకుంటూ. ఆమె ఉద్యోగం నిలిచింది. కార్డు బొట్టుతో సహా మా ఆఫీసుకు తిరిగొచ్చింది.

పరీక్షించేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చాలని ఆ రోజు తెలిసింది. రిటైరయ్యేదాకా, ఎవరు ఏ యంత్రాన్ని మెచ్చుకున్నా, ముందు దాని వెనక్కి వెళ్లి వైరు చూసేవాణ్ణి.