ఖాలాను చూడవచ్చినవాళ్ళు

సింగపూరులో, టోవా పాయో పేటలోని మా ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్న వరంగల్లు అమ్మాయి ఇక్కడి విశ్వవిద్యాలయంలో చరిత్ర మీద పరిశోధన చేస్తోంది. దేని మీద తల్లీ అని, వచ్చిన మొదటి వారంలోనే అడిగాను గానీ, అరబ్బు తీరంలోని చిన్న చిన్న రాజ్యాల్లో ఇంగ్లీషు అధికారులు ఊళ్ళో కబుర్లు ఎలా పోగుచేసి పైకి పంపేవారో అని ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టగానే, పోపు మాడుతోందని వంక పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అలా ఎనిమిది నెలలు తప్పించుకు తిరిగాను. మా అమ్మాయికి నోట్లో మాట దాగదు కదా, నేను పెళ్ళికి ముందు అక్కడే నర్సుగా చేశానని మొన్న ఆదివారం చెప్పేసింది. ఇంకేముంది, ఆ పిల్ల ల్యాప్‌టాప్ ఎత్తుకుని భోజనాల బల్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

“ఆంటీ, మీరు జాబ్ చేసిన ఊరు గిదేనా? జర చూడుండ్రి. లేడీస్ వార్డుల ఒక నర్సు ఉండెనట, ఆమె ఇచ్చిన లిస్టు మస్తు డీటెయిల్డ్‌గా ఉన్నది!”

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. పదిహేను రోజులకొకసారి అక్కడి ఇంగ్లీషు దొర తన పైఅధికారికి పంపే రాజకీయ నివేదిక అది. ఇరవై మూడు కుటుంబాల పేర్లు, ఏ ఇంటి ఆడవాళ్ళు ఎన్నిసార్లు వచ్చారో, ఎంతసేపు కూర్చున్నారో వరసగా టైపు కొట్టి ఉంది. స్త్రీల వార్డులోని నమ్మదగిన మనిషి ద్వారా తెలిసిందని పైన ఒక ముక్క. టైపు ఎవరిదైతేనేం, ఆ వరస నాది, వాళ్ళ చుట్టరికాలు రాసిన తీరు నాది. మా మనవడు నా మొహం చూసి “అమ్మమ్మా, వై సో క్వైట్ లా?” అంటూ భుజం పట్టి కుదిపాడు. తల తిరుగుతోందని చెప్పి వెళ్ళి పడుకున్నాను. పడుకుంటే నిద్ర వస్తుందా నా మొహం! మన ఈడు వాళ్ళకైతే చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. గుంటూరు వైపు నర్సు శిక్షణ పూర్తిచేసి, పేపర్లో ప్రకటన చూసి, బొంబాయిలో స్టీమరెక్కి ఆ ఊరు చేరాను. ఇసుక, సముద్రం, నాలుగు ఖర్జూరపు తోటలు, గాడిదల మీద మంచినీళ్ళు తెచ్చి అమ్మేవాళ్ళు, అంతకు మించి ఏమీ లేదు. పాలకుడు వాళ్ళవాడే, జెండా వాళ్ళదే, కానీ సముద్రపు ఒడ్డున మేడలో ఉండే ఇంగ్లీషు దొర తల ఊపితే తప్ప అక్కడ ఏదీ జరిగేది కాదు. దొరల ప్రభుత్వమే నడిపే ఎనిమిది మంచాల ఆసుపత్రి, అందులో ఆడవాళ్ళకు మూడు మంచాలు, ఆ మూడింటికీ నేను.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి, లేకపోతే తరవాతి కథ అబద్ధమైపోతుంది. మేం పేటవాళ్ళం. మా ఊళ్ళో పెద్దిళ్ళకి వెళితే గడప బయట నిలబడి మాట్లాడటమే, దాహమేస్తే దోసిలి పట్టడమే. నర్సయ్యాక కూడా నేను కూర్చున్న బెంచీ మీంచి లేచిపోయిన పెద్దమనుషుల్ని చూశాను. అలాంటిదాన్ని, ఒక శుక్రవారం సాయంత్రం దొర తన ఇంటికి పిలిపించి, కుర్చీ తానే జరిపి, పింగాణీ కప్పులో టీ పోసిచ్చి, నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని మెచ్చుకున్నాడు. ఏనుగెక్కినంత సంబరపడిపోయాను. ఆ రాత్రే మా అమ్మకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను.

అంతకు వారం ముందే ఖాలా ఆసుపత్రిలో చేరింది. ఖాలా అంటే వాళ్ళ భాషలో పిన్ని, నేను అలాగే పిలిచేదాన్ని. పాలకుడికి స్వయానా మేనత్త. చక్కెర జబ్బుతో కాలు పుండుపడి కుళ్ళుతోంది. మంచం మీద పడుకోనని మొరాయించి పరుపు నేలమీద వేయించుకున్న మొండి ఘటం. నేను కట్టు మార్చడానికి వంగితే చెయ్యి పట్టుకుని పరుపు మీద తన పక్కన కూర్చోబెట్టేసేది, ఇంటినుంచి వచ్చిన చేపల అన్నం తన పళ్ళెంలోంచే నాకు ముద్దలు చేసి పెట్టేది. నా కులమేమిటో ఆవిడకు తెలియదు, చెప్పినా అర్థమయ్యేది కాదనుకోండి.

ఆ ఊళ్ళో ఒకరికి జబ్బు చేస్తే ఊరంతా వచ్చి చూడాలి. చూసి వెళ్ళిపోతే చాలదు, పక్కన కూర్చోవాలి, కాఫీ తాగాలి, రోగి నవ్వేదాకా కబుర్లు చెప్పాలి. రాకపోవడమంటే ఆ ఇంటితో తెగతెంపులు చేసుకున్నట్టే. ఇదేం గొప్ప, మన ఊళ్ళలోనూ ఉండేదిగా అంటారు. ఉండేది, కాదనను. కానీ అక్కడ దానికి ఇంకో లెక్క వచ్చి పడింది. ఖాలా కొడుకు పాలకుడికి ఎదురుతిరిగి ఉన్నాడు. ఊరి పక్కన నేలంతా చమురు తవ్వుకోవడానికి బయటి కంపెనీకి రాసిచ్చేస్తున్నారని, ఆ రాసిచ్చేది దొరేననీ బాహాటంగా అనేవాడు. అతని వెనక ఎవరెవరున్నారో దొరకు కావాలి. మగవాళ్ళు గడుసువాళ్ళు, అతని గుమ్మం తొక్కేవాళ్ళు కారు. ఆడవాళ్ళు మాత్రం అతని తల్లిని చూడటానికి వచ్చి తీరతారు. వాళ్ళందరికీ మొహాలకు ముసుగులు. ఏ ముసుగు వెనక ఎవరున్నారో వార్డు లోపల, తలుపు మూశాక, అవి తీసినప్పుడు అక్కడున్న ఆడమనిషికే తెలుస్తుంది.

చూడవచ్చినవాళ్ళ పేర్లకు ఒక పుస్తకం పెట్టమన్నాడు దొర. రోగుల దగ్గర జనం ఎక్కువైతే పుళ్ళు మానవని మాకూ శిక్షణలో నేర్పారు, అలాంటి పుస్తకమే అక్కడా ఉండేది, కాబట్టి ఇందులో నాకేమీ వింత కనిపించలేదు. పేర్లు రాయడానికి సాయం చేసింది ఎవరనుకున్నారు? ఖాలాయే. నేను వాళ్ళ భాష నేర్చుకుంటున్నానని ఆవిడ మురిసిపోయింది. ఒక్కొక్కరూ వెళ్ళిపోయాక నా చేత పుస్తకం తీయించి, ఇదిగో ఈమె ఫలానావాడి భార్య, వీళ్ళ తాత ముత్యాల వేటకు పడవలు నడిపేవాడు, ఆ చివర కూర్చున్నది ఆమె తోడికోడలు, అని పాఠం చెప్పినట్టు చెప్పేది, నేను తప్పు పలికితే నవ్వి మళ్ళీ చెప్పించేది. పెళ్ళిపత్రిక రాసినంత శ్రద్ధగా రాసుకునేదాన్ని. శుక్రవారం పట్టుకెళ్ళి ఇచ్చాను. మళ్ళీ కుర్చీ, మళ్ళీ టీ.

రెండో శుక్రవారం పుస్తకం తిరగేస్తూ, ఇకనుంచి రానివాళ్ళ పేర్లు కూడా వేరే రాయమన్నాడు. రెండు మూడు ఇళ్ళ పేర్లు చెప్పి, వాళ్ళ ఆడవాళ్ళు ఎందుకు రాలేదో ఖాలాను మాటల్లో పెట్టి అడగమన్నాడు. రానివాళ్ళవల్ల ఏ పుండు కుళ్ళుతుందండీ? ఇది పుళ్ళ కోసం కాదని టీ కప్పు చేతిలో ఉండగానే నాకు తెలిసింది. కప్పు కింద పెట్టి రాను అనొచ్చు, అడగను అనొచ్చు, పేర్లు తప్పు రాసెయ్యొచ్చు. ఏదీ చెయ్యలేదు. భయపడ్డానంటే నమ్ముతారు గానీ అది నిజం కాదు. నేను మానేస్తే ఆ కుర్చీ ఇంకోళ్ళకి జరుపుతాడని బెంగ, అంతే. ఇంకో పదకొండు రోజులు రాశాను. ఖాలాను అడిగాను కూడా. పాపం ఆవిడ, వాళ్ళకు మా అబ్బాయంటే పడదమ్మా అని ఉన్నమాట చెప్పింది.

పన్నెండో రోజు తెల్లవారేసరికి ఖాలా కొడుకునీ, నా పుస్తకంలో ఉన్న ఇళ్ళ మగవాళ్ళు ఇంకో ముగ్గురినీ లాంచీ ఎక్కించేశారు, తిరిగి ఊళ్ళో అడుగు పెట్టకూడదని పాలకుడి ముద్రతో ఆజ్ఞ. తల్లిని చూసి వెళతానన్నాడట, చూడనివ్వలేదు. ఆ రోజు వార్డుకు ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. కాఫీ కెటిల్ చల్లారి అలాగే ఉంది. మూడో రోజు నేను కట్టు విప్పుతుంటే ఆవిడ, ఎప్పుడూ అడిగినంత మెల్లగానే, “ఇవాళ నీ పుస్తకంలో ఎవరిని రాశావు బిడ్డా?” అంది. ఎవరూ రాలేదు ఖాలా అన్నాను. “రారు. వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో మగవాళ్ళని తీసుకెళ్ళిపోతున్నారుగా” అని కళ్ళు మూసుకుంది. తిట్టలేదు. తిడితే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. అలా ఎవరూ రాకుండానే తొమ్మిది రోజులు గడిచి, పదో రోజు పొద్దున్న పోయింది.

మరుసటి ఏడాది పెళ్ళి కుదిరి సింగపూరు వచ్చేశాను. ఇక్కడా నర్సుగానే చేసి పదవీ విరమణ చేశాను. మావారికి ఈ కథ సగమే చెప్పాను. ఎవరో దొర ఏదో రాయమంటే తెలియక రాశానని చెప్పాను, ఆయన పాపం తెలియని వయసు అని ఓదార్చారు. ఆ ఓదార్పు నలభై ఏళ్ళు అనుభవించాను, ఆయన పోయేదాకా.

ఆ ఆదివారం సాయంత్రం ఆ పిల్ల మెల్లగా గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చుంది. మా అమ్మాయి చెప్పిందో, నా మొహమే చెప్పిందో, దానికి అర్థమైపోయింది. “ఆంటీ, ఆ నర్సు మీరేనా? ఎందుకు అడుగుతున్నరో అప్పుడు మీకు తెల్సా?” అంది. అలవాటైన అబద్ధం నాలుక చివరదాకా వచ్చింది. మొదట్లో తెలియదు, ఆ తరవాత తెలుసు అన్నాను. నా చెయ్యి నిమిరి, “మీ పేరు రాయను ఆంటీ, అనానిమస్‌గనే పెడత” అంది. ఒళ్ళు మండిపోయింది నాకు. దొర కూడా నాకు అంత మర్యాదే చేశాడు తల్లీ, అక్కడ ఇరవై మూడిళ్ళ వాళ్ళకి తాతల పేర్లతో సహా ఉన్నాయి, నాకొక్కదానికే లేదు, ఇంటిపేరుతో సహా రాయి అని గట్టిగా అరిచాను. మనవడు బెదిరి తలుపు దగ్గరికి వచ్చాడు.

ఆ ఊళ్ళో ఇప్పుడు అద్దాల మేడలున్నాయట, ఆ పిల్ల వచ్చే నెల ఏదో సదస్సుకు వెళుతోంది. ఇక్కడ మావాళ్ళలో ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే ఫోనులో దండం బొమ్మ పంపి ఊరుకుంటున్నారు. మనుషులు రాకుండా ఆపడానికి ఇప్పుడు ఏ దొరా అక్కర్లేదు. రోగి పక్కన కూర్చోవడమనేది మన ఈడు వాళ్ళతోనే పోయేటట్టుందని మీరంతా బాధపడుతుంటారు, నేనూ తల ఊపుతుంటాను. ఊపే హక్కు నాకెక్కడిది? ఎవరూ రాని ఆ తొమ్మిది రోజులూ, నేను వార్డులోకి అడుగు పెట్టినప్పుడల్లా ఖాలా ఒంటిని కాస్త జరుపుకుని పరుపు మీద నాకు చోటు చూపిస్తూనే ఉంది. నేను కట్టు మార్చి, మందు నోట్లో వేసి, ఆ చోట కూర్చోకుండానే పని ముగించుకుని వచ్చేశాను.