గీకితే పోని నలుపు

మొగులయ్య మెడ మీది నలుపును గీకి తీస్తే ఇంద్రేశం నుంచి పటాన్‌చెరు దాకా తారు రోడ్డు వేసి, మిగిలిన దానితో రెండు స్పీడు బ్రేకర్లు కూడా కట్టొచ్చు. ఈ మాట తప్పని నిరూపించిన మొనగాడు చుట్టుపక్కల పది ఊళ్లలో లేడు. నిరూపించాలంటే ముందు ఆ నలుపు ఊడి రావాలి కదా. అది రాదు.

రాదన్న సంగతి మొగులయ్యకు తెలుసు. తెలియనిది లోకానికి. నలభై ఆరేళ్ల మనిషి, నూటా పన్నెండు కిలోల బరువు, డ్యూటీకి పోయే ముందొకసారి, వచ్చాక ఒకసారి, రోజుకు రెండు స్నానాలు చేసే మనిషి. అయినా ఎదురుపడ్డ ప్రతివాడూ ముఖం కంటే ముందు మెడ చూస్తాడు. మంగలి షాపులో సబ్బు సలహా, బస్సులో శనగపిండి సలహా. మేనత్త బక్కమ్మ అయితే నిమ్మచెక్క చేతిలో పట్టుకునే మాట కలుపుతుంది. ఊరిచ్చిన సలహాలన్నీ ఒంటికి పట్టి ఉంటే ఆయన ఈపాటికి పాలరాతి బొమ్మ అయ్యేవాడు.

మొగులయ్య పని చేసేది ఒక మందుల కంపెనీలో, మాత్రల పొడి కలిపే గదిలో. తొమ్మిదేళ్లుగా అదే గది. లోపలికి పోవాలంటే తల నుంచి కాలి దాకా తెల్ల గౌను తొడుక్కోవాలి. అంతకంటే ముందు తలుపు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టాలి: దగ్గు లేదు, జ్వరం లేదు, చర్మం మీద పుండ్లు లేవు. సూపర్‌వైజర్ శ్రావణ్‌కుమార్ చేతులూ మెడా చూసి వదులుతాడు. బయట పటాన్‌చెరు మొత్తం పెనం మీది అట్టులా మాడుతున్నా ఆ గదిలో ఏసీకి చెమటన్నదే పట్టదు.

మిగతావాళ్లకు ఆ చల్లదనం సుఖం. మొగులయ్యకు మందు. మెడ సంగతి ఊరందరికీ తెలుసు గాని పొట్ట మడత కింద, తొడల సందున, చంకల్లో ఉన్న సంగతి భార్య కౌసల్యకు తప్ప ఎవరికీ తెలియదు. అక్కడ చర్మం మీద చర్మం పడి, చెమట ఆరక, ఒరుసుకుని ఒరుసుకుని ఎర్రగా కందిపోయి మండుతుంది. మెడికల్ షాపువాడిచ్చిన క్రీము రాస్తే రెండు రోజులు చల్లబడుతుంది, మూడో రోజు మరో అరచేయంత పాకుతుంది. రోజూ పుండ్లు లేవని సంతకం పెట్టేది ఆ మంట మీదే. ఎవరూ పట్టుకోలేదు. అందరి కళ్లూ మెడ మీదే ఉంటే పొట్ట ఎవడికి కావాలి?

కిందటి ఎండాకాలం కంపెనీకి తనిఖీ వస్తోందని కబురొచ్చింది. శ్రావణ్‌కుమార్, నిండా ముప్పై లేనివాడు, మర్యాదగానే, కానీ పదిమంది ముందు అన్నాడు.

"మొగులన్నా, రేపు ఆడిటర్లు వస్తున్నరు. జెర మెడ మంచిగ కడుక్కొని రా."

అంతే, మొగులయ్యకు తిక్క రేగింది. నేరుగా రిపేరు షెడ్డుకు పోయాడు. అక్కడ ఫిట్టర్ నర్సింగ్ దగ్గర, గ్రీజు చేతులు తోముకునే గరుకు పేస్టు డబ్బా ఉంటుంది. "గేరుబాక్సు నలుపే వదుల్తది బావా, నీ మెడెంత," అని నర్సింగ్ డబ్బా చేతిలో పెట్టాడు. మొగులయ్య ఇంటికొచ్చి, పేస్టు పట్టించి, బట్టలుతికే బ్రష్షుతో తొమ్మిదేళ్ల కసినంతా మెడ మీద తీర్చుకున్నాడు. ఆ చప్పుడు విని పక్కింటివాళ్లు పిండిగిర్ని పెట్టారనుకుని జొన్నలు తెచ్చారు. నలుపు పోలేదు. తోలు పోయింది.

మరునాడు శ్రావణ్‌కుమార్ మెడ చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. నల్లగా ఉన్నన్నాళ్లు లోపలికి రానిచ్చిన తలుపు ఎర్రబడగానే మూసుకుంది. పుండు పుండే. చర్మం డాక్టరు కాగితం తెచ్చేదాకా పని డ్రమ్ముల యార్డులో. ఆ కాగితం రాకపోతే ఇక ఎప్పటికీ యార్డే.

యార్డులో నెత్తిన ఎండ, కింద కాలిన సిమెంటు. నాలుగు రోజులు ఖాళీ డ్రమ్ములు దొర్లించేసరికి మడతల్లో నిప్పులు పోసినట్టయింది. కాళ్లు ఎడంగా వేసి నడుస్తుంటే, గుర్రం దిగినా జీను దిగలేదేమో అని కాంట్రాక్టు పిల్లలు నవ్వారు. కౌసల్య ఇక ఊరుకోలేదు, సంగారెడ్డి బస్సెక్కించి తనూ ఎక్కింది.

ఆసుపత్రిలో డాక్టరు నిషిత మెడను అర నిమిషం చూసి, చొక్కా ఎత్తమంది. మొగులయ్య మెడ చూపించడానికే వచ్చానన్నాడు. కాగితం రాస్తే చాలన్నాడు. ఇంకెక్కడా ఏమీ లేదని కౌసల్య ముందే అబద్ధమాడాడు.

"ఇన్నేండ్లు లోకమంతా నీ మెడ సూసింది," అన్నది కౌసల్య. "సూపియ్యాల్సింది సూపియ్యక గీడ గూడ మెడే సూపిస్తవా?"

అని తనే బొత్తాలు విప్పింది.

డాక్టరు చాలాసేపు చూసింది. మడతలో గాలి ఆడక, చెమట నిలిచి, దాని మీద తామర పట్టిందని చెప్పింది. ఆ షాపు క్రీము దురదను జోకొట్టి, తామరను మేపి, చర్మాన్ని పలచన చేస్తోందని చెప్పింది. మెడ నలుపు వేరే కథ: ఒళ్లు పెరిగి, లోపల షుగరు లెక్క తప్పుతోందని చర్మం పైకి చెప్పే కబురు. రక్తం పరీక్షలో ఆ మాటే తేలింది.

"అది మురికి కాదు. ఇంక తోమకండి," అంది.

మొగులయ్యకు ఊరట కలగాలి. కలగలేదు, ఒళ్లు మండింది. తొమ్మిదేళ్ల సబ్బుబిళ్లలు, నిమ్మచెక్కలు, శనగపిండి, పదిమంది ముందు తల వంచుకోవడం, అన్నీ మురికి కాని దానికోసమా? పైగా మడతలు మానేదాకా కాగితం రాయనంది. మూడు వారాలు.

ఆ మూడు వారాలు ఇంట్లో రోజూ ఒక తతంగం. స్నానం కాగానే మెత్తగా అద్దుకుని, టేబుల్ ఫ్యాను ముందు రెండు చేతులతో పొట్ట ఎత్తి పట్టుకుని నిలబడేవాడు. కౌసల్య పాత నూలు చీర చింపి పేలికలు చేసి మడతల మధ్య పెట్టేది, యార్డుకు పోయేటప్పుడు నాలుగు జేబులో కుక్కేది. చెమ్మగిల్లినప్పుడల్లా మార్చాలి. డ్రమ్ముల చాటున మార్చుకుంటూ ఆయన శ్రావణ్‌కుమార్‌ను, నర్సింగ్‌ను, మెడికల్ షాపును వరసగా తిట్టుకునేవాడు. అన్నం సగమయింది, తెల్లారి నడక మొదలయింది, తిట్లు మాత్రం తగ్గలేదు.

కాగితం వచ్చిన రోజు గౌను గది ముందు నిలబడ్డాడు. మెడకు కొత్త తోలు వచ్చింది, అది కూడా నల్లగానే. శ్రావణ్‌కుమార్ చూసి నోరు తెరవబోయాడు.

"గీ నలుపు కడిగితే పోదు," అన్నాడు మొగులయ్య, గది నిండా ఉన్నవాళ్లు వినేలా. "కాయితంల రాసుంది. సదువు."

శ్రావణ్‌కుమార్ చదివాడు. రెండోసారి చదివాడు. తలుపు తీశాడు.

ఆ రోజు నుంచి మొగులయ్య ఇరవై కిలోలు తగ్గాడని, మెడ పొట్టు తీసిన ఉల్లిగడ్డలా మెరుస్తోందని, ఆ వెలుగుకు కంపెనీవాళ్లు ఒక ట్యూబులైటు ఆర్పేశారని ఈ కథ చివర నేను రాసి, ఆయనకే చదివి వినిపిస్తే, ఆసాంతం విన్నాడు.

"ఇరవై గాదు, నాలుగు," అన్నాడు. "మెడ నల్లగనే ఉంది. మడతలల్ల మంట లేదు. గంతే."