మడమ చెప్పిన కట్ట

మా స్టేషన్ గోడకి ఒక పాలరాతి పలక ఉంది. దేశంలో రైలన్నదే కొత్తగా ఉన్న రోజుల్లో ఈ దారి వేయించిన దొర పేరు దానిమీద చెక్కారు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన గీసింది కాగితం మీద గీత. మట్టి మోసింది మా తాతమ్మ, అంటే మా నాన్నకి నాయనమ్మ.

రైలంటే ఏమిటో ఆవిడకి తెలియదు. ఇనుపబండి వస్తుంది, దానికి ఎత్తుగా కట్ట పొయ్యాలన్నారు, అంతే. జానెడు మందాన మట్టి పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. ఆ పొర మీద తాతమ్మ ఉత్తకాళ్ళతో నడిచి, మడమతో తొక్కి చూసి "ఊఁ" అనాలి. అప్పుడే పై పొర. ఆ మడమ మీద దొరకి కూడా గురి.

ఒకసారి తాతమ్మ జ్వరం వచ్చి వారంపాటు మంచం దిగలేదు. లేచి వెళ్ళేసరికి పట్టాలు కూడా పరిచేశారు. మూడు రోజుల్లో మొదటి బండి. వాగు మలుపు దగ్గర నడుస్తుంటే ఆవిడ మడమ అంగుళం దిగింది.

"ఇక్కడ పోసిందెవరు?" అని మొగుణ్ణి అడిగింది.

ఆయన నేలచూపులు చూశాడు. "నేనే. తొందరపెట్టారు, పొడిగడ్డలే పోసేశాను. నోరు మూసుకో, నా పని ఊడుతుంది."

"బండి పడితే?"

"పడదులే."

"ఆ మాట మట్టికి చెప్పావా?"

తిన్నగా దొర దగ్గరికి వెళ్ళింది. "దొరగారూ, మలుపు దగ్గర కట్ట గుల్ల. పోసింది మా ఆయనే," అని చెప్పేసింది. దొర ఇనుపకడ్డీ గుచ్చితే మూరెడు లోపలికి దిగింది. మా ముత్తాత పని అక్కడికక్కడే ఊడింది. బండి ఎనిమిది రోజులు ఆగింది.

మర్నాడు కట్ట తవ్వుతుంటే ఆయన ఎవరూ పిలవకుండానే వచ్చి గంప అందుకున్నాడు. ఆవిడ పలకరించలేదు. పైగా ఆయన పోసిన పొరని మూడుసార్లు తవ్వించింది! అలాంటి మనిషి ఇంట్లో పుట్టినందుకు నాకు ఎంత గర్వమో చెప్పలేను.

బండి వచ్చిన రోజు దొర ఇంజను మీద నిలబడి టోపీ ఊపాడు. తాతమ్మ మలుపు దగ్గర కట్ట అంచున మడమ ఆనించి నిలబడింది, పక్కన మొగుడు. నేలంతా అదిరింది. ఆఖరి పెట్టె దాటిపోయినా మడమ దిగలేదు.

అప్పుడు మొగుడి వైపు తిరిగి, "ఊఁ" అంది.