జామతోట వేళ్లు

మా ముత్తాత ఊరి శిస్తు వసూలు చేసే మాలీపటేలు, మా తాత కూడా పటేలే. ఊరి పొలిమేరలో పన్నెండెకరాల జామతోట మాది. అలాంటి ఇంటివాణ్ణి, నిన్న తార్నాక మెట్రో కింద మొక్కల బండి ముందు గొంతుక్కూర్చుని, జామమొక్క సంచి విప్పి వేళ్లకున్న మన్ను దులుపుతుంటే బండి అతను నవ్వాడు.

"ఏంది సార్, పెండ్లిచూపులకొచ్చినట్టు చూస్తున్నరు? కొంటరా, కొనరా?"

వేళ్లు చూడనిదే ఏ మొక్కనూ నమ్మను. ఈ అనుమానం ఈనాటిది కాదు.

నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో, నీళ్లకు కొదవ లేకపోయినా మా జామచెట్లు ఆకు పసుపెక్కి ఒక్కొక్కటే ఎండిపోసాగాయి. తాతకు దాయాదుల మీద అనుమానం, తర్వాత పక్క పొలంవాళ్ల మీద. సెలవులకు వెళ్లిన నేను, తోటమాలి చెట్ల మొదళ్లలో ఏవో నల్లటి నీళ్లు పోస్తుండగా చూశాననీ, అది విషమేననీ తాతకు చెప్పాను. చూసింది నిజం, విషమన్నది నా ఊహ. మర్నాడే అతణ్ణి పెళ్లాం బిడ్డలతో సహా ఊరి నుంచి వెళ్లగొట్టారు.

అతను పోయాక కూడా చెట్లు ఎండుతూనే ఉంటే గుబులు పుట్టి, ఒక వేరును తడిగుడ్డలో చుట్టి క్యాంపస్‌కు తెచ్చి మా మాస్టారికి చూపించాను. వేరంతా బుడిపెలు. ఆయన ఒకదాన్ని చీల్చి మైక్రోస్కోపు కింద పెడితే, సన్నని దారపు ముక్కల్లా మెలికలు తిరుగుతూ నులిపురుగులు. పిల్లల కడుపులో ఉండేవాటికి ఇవి చుట్టాలేననీ, పిడికెడు మట్టిలో లెక్కలేనన్ని ఉంటాయనీ, చాలామటుకు నేలకు మేలే చేస్తాయనీ, ఇవి మాత్రం వేళ్లలో కాపురం పెట్టి చెట్టు నోటికాడి నీళ్లు లాక్కుంటాయనీ చెప్పారు. బహుశా మొక్కలతోనే వచ్చి ఉంటాయన్నారు. ఆ మొక్కలు తాత ఎంతో గొప్పగా దూరం నుంచి తెప్పించినవి.

వాకబు చేస్తే తోటమాలి మా క్యాంపస్‌కు దగ్గర్లోనే, వారాసిగూడలో ఇటుకలు మోస్తూ కనిపించాడు. తప్పు నాదేనన్నాను, తిరిగి రమ్మన్నాను.

"అవి వేపపిండి నానవెట్టిన నీళ్లు, చిన్నపటేలా. ఏర్లకు గడ్డలున్నయని మీ తాతకు పీకి చూపిచ్చిన. నా మొక్కలకే వంక వెడ్తవా అన్నడు. పెద్దాయన సరే, మీరు సదువుకున్నోళ్లు. ఏం పోస్తున్నవని ఒక్కమాట అడగకపోతిరి!"

అతను రాలేదు. ఇప్పుడు మొక్కలు నాటడానికి ముందే మట్టి పరీక్షలు చేయిస్తున్నారట, పనివాణ్ణి ఒక్క మాటతో ఊరు దాటించే పెత్తనాలూ పోయాయి. పోవలసినవే. మా ఇంటి పేరు చెబితే ఇక్కడ ఎవరికీ తెలియదు, దానికి మాత్రం మనసు ఇంకా ఒప్పుకోదు.

తోటమాలి రానన్న ఆ ఏడు వేసవిలోనే తాత తోట అమ్మేశారు. కొన్నవాళ్లకు వేళ్ల సంగతి ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు.