పొయ్యి మీద ఆరేసిన బట్టలు

హిల్కా రౌతామా సంతకం లేనిదే ఆ ఊరి కర్మాగారం నుంచి సౌనాను, అంటే ఆవిరిస్నానపు గదిని, వేడెక్కించే పొయ్యి ఒక్కటి కూడా బయటికి వెళ్ళేది కాదు. ముప్పై రెండేళ్ళుగా అదే పద్ధతి. చదువు పల్లె బడితోనే ఆగింది గానీ, రాళ్ళు పేర్చిన తీరు చూసి ఏ పొయ్యి ఎన్నేళ్ళు మన్నుతుందో చెప్పేది. నాసిరకమని మూడుసార్లు పొయ్యిలను వెనక్కి పంపింది. మూడుసార్లూ ఆమె మాటే నిజమైంది. ఉత్తరాన మంచుసీమ లాప్‌లాండ్ హోటళ్ళ వాళ్ళు ఆమెను పేరు పెట్టి అడిగేవారు.

అలాంటి మనిషి ముందు అభివృద్ధి విభాగం పెద్ద ఓట్సో ఫోనుతో వెలిగే కొత్త పొయ్యి కాగితాలు పెట్టి, సంతకం చెయ్యమన్నాడు. ఆఫీసులో బయల్దేరుతూ నొక్కితే, ఇల్లు చేరేసరికి సౌనా వేడెక్కి ఉంటుంది. క్రిస్మస్‌లోపు అమ్మకానికి పెడితే వ్యాపారం రెండింతలవుతుందట.

"తలుపుకి సెన్సర్ ఏదీ?" అంది హిల్కా. తలుపు ఒకసారి తెరుచుకున్నాక, లోపల ఎవరూ బట్టలు ఆరెయ్యలేదని ఒకరు చూసి మీట నొక్కేదాకా పొయ్యి ఫోను మాట వినకూడదని ఆమె వసంతంలోనే రాసిచ్చింది.

"తీసేశాం హిల్కా. ఖర్చూ, ఆలస్యమూను. అయినా మండే పొయ్యి మీద బట్టలెవరు వేస్తారండీ?"

"మండే పొయ్యి మీద కాదయ్యా, చల్లారిన పొయ్యి మీద! ఈ చలిదేశంలో తడిబట్టలు ఇంకెక్కడ ఆరేస్తారు, నీ నెత్తిన? అది తెలీక నువ్వు ఆఫీసులో నొక్కావంటే ఇల్లు తగలబడదూ?"

బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఫోనుకి హెచ్చరిక పంపిస్తాంగా."

"ఆ హెచ్చరికొచ్చి బట్టలు తీస్తుందా?"

"రెండొందల మందిని అడిగామండీ. పొయ్యి మీద ఆరేస్తామని ఒక్కరూ అన్లేదు."

హిల్కాకి ఒళ్ళు మండింది. వేల పొయ్యిలు చేత్తో తడిమి చూసిన తన మాట కన్నా ఆ రెండొందల మంది మాట ఎక్కువైందా!

"బట్టలు ఆరెయ్యొద్దని పొయ్యి డబ్బా మీదే రాసి ఉంటే, చేస్తున్నామని ఎవడొప్పుకుంటాడు? అడక్కూడదు, వెళ్ళి చూడాలి. మీ ఇంటికి ఫోన్ చెయ్యి, అందరికీ వినబడేలా. సౌనాలో ఇప్పుడేముందో అడుగు, అంతే."

ఓట్సో నవ్వుతూనే భార్యకు ఫోన్ చేశాడు. "సైలా, మన సౌనాలో ఇప్పుడేమున్నాయి?"

"ఏముంటాయి, పిల్లల మంచుబట్టలు. బల్లల మీద చోటు చాల్లేదని చేతితొడుగులు పొయ్యి రాళ్ళ మీద పరిచావుగా, పొద్దున నువ్వే! ఏం, మర్చిపోయావా?"

ఓట్సో చెవులు ఎర్రబడ్డాయి. హిల్కా కాగితాలను అలాగే వెనక్కి నెట్టింది.

సెన్సర్ తిరిగొచ్చింది. పొయ్యి మార్చిలో బయటికొచ్చింది. దుకాణాల వాళ్ళు మొదట అడిగింది తలుపు సంగతే. సెన్సర్ ఉందని చూశాకే ఆర్డర్లు ఇచ్చారు. కరపత్రంలో మాత్రం "మా అభివృద్ధి బృందం దూరదృష్టి" అని అచ్చేశారు.

హిల్కా ఆ కరపత్రాన్ని ఓట్సో బల్ల మీద పడేసింది.

"ఎవరయ్యా ఈ బృందం?"

"అంటే... మనమంతా కదండీ."

"తీసేద్దామన్నది బృందం. పెట్టమన్నది నేను. రెండూ అచ్చెయ్యి!"