నంబరు దొరికింది, బీరన్న దొరకలేదు

గద్వాల జిల్లాగా ఏర్పడిన మరుసటి వానాకాలం, నన్ను వనపర్తి నుంచి అక్కడి వరద కంట్రోల్ రూముకు డిప్యుటేషన్ మీద వేశారు. హోదా సీనియర్ అసిస్టెంట్. పని మాత్రం, ఎగువన గేట్లు ఎత్తినప్పుడల్లా కృష్ణ ఒడ్డు ఊళ్లవాళ్లకు ఫోన్లు చేయడం. ఆ వానాకాలమంతా కడుపునిండా తిన్నదీ లేదు, కంటినిండా నిద్రపోయిందీ లేదు.

నంబర్లు ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌లో ఉండేవి. అది తెరుచుకునేలోపు చాయ్ చల్లారేది. విసిగి వాటన్నిటినీ మనిషికొక వరుస చొప్పున మామూలు టెక్స్ట్ ఫైల్లోకి దించుకున్నాను. కమాండ్ లైన్ అనే నల్ల తెర మీద ‘గ్రెప్’ అన్న ఆదేశం, పక్కన పేరో ఊరో కొడితే రెప్పపాటులో ఆ వరుస బయటపడేది. మా డిప్యూటీ ఇంజినీరు గారు వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించేవారు. నాకూ గర్వంగానే ఉండేది.

ఒక మధ్యాహ్నం గేట్లు ఎత్తుతున్నారని కబురు వచ్చింది. గొర్రెలు మేపే బీరన్న నది నడుమ లంకలో ఉన్నాడన్నారు. పేరు కొట్టాను, నంబరు వచ్చింది. ఫోన్ ఎత్తింది ఆయన భార్య బాలమణి.

“ఫోన్ ఇంట్లనే పెట్టి పోయిండు సార్. గొర్ల కాడ చార్జింగ్ ఏడ దొరుకుతది? జర జెప్పున ఎవరినన్న పంపుండ్రి, ఆయనకు ఈత గూడ రాదు.”

కాపరులు ఫోన్ ఇంట్లో ఉంచి పోతారన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ఈసారి ఊరి పేరు కొట్టాను. వచ్చిన వరుసల్లో పుట్టి, అంటే గుండ్రటి వెదురు పడవ, నడిపే ఉసేనప్ప ఉన్నాడు.

“పోతున్న సార్. గాని గొర్లనిడిసి ఆయన వస్తడో రాడో తెల్వదు,” అన్నాడు.

పొద్దు వాలాక బాలమణే ఫోన్ చేసింది. “ఒచ్చిండు సార్,” అని ఏడ్చింది. మందను వదిలి రానని బీరన్న మొండికేశాడట. ఉసేనప్ప వాదించకుండా గొర్రెపిల్లలను ఎత్తి పుట్టిలో వేసుకున్నాడట. వాటి వెంట ఆయనా ఎక్కక తప్పలేదు. పెద్ద గొర్రెలన్నీ ఏట్లో పోయాయి. సంతోషపడే ఓపిక కూడా లేక బల్ల మీద తల వాల్చాను.

నంబరు దొరికితే మనిషి దొరికినట్టు కాదని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ప్రతి వరుస చివరా ఇంకో పేరు చేర్చాను, ఫోన్ అందకపోతే వెళ్లి పిలుచుకొచ్చేవాళ్లది. నేను రిటైరయ్యేనాటికి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. నంబరు అందులో ఇంకా తొందరగా దొరుకుతుంది. వెళ్లి పిలిచేవాళ్ల పేరుకు మాత్రం గడి లేదు. పెట్టమని రాసి రాసి ఊరుకున్నాను.